పొట్లంలో వచ్చిన ఆకులు

అన్నయ్యకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. నా ఒంటికేం లోటు లేదు, బాగానే ఉన్నాను. నువ్వూ, వదినా, నేనింకా కళ్లారా చూడని మేనకోడలూ కులాసా అని తలుస్తాను.

పాపకి పళ్లు కూడా వచ్చేశాయి గానీ మేనత్తకి తీరిక రాలేదని వదిన దెప్పిందట. దెప్పనీ. అడ్డం తీరిక కాదు, తలుపులు. మేం తెగుళ్ల మీద పరీక్షలు చేసే గాజు గదికి రెండు తలుపులు, ఒకటి మూసుకుంటేగానీ రెండోది తెరుచుకోదు. మధ్యలో తలస్నానం చేసి, బట్టలు మార్చుకుని బయటపడాలి. లోపల గోధుమని పట్టే తుప్పు తెగులు పొడిని పెంచుతాం గనక పంటకాలం అయ్యేదాకా మేమెవరమూ గోధుమ చేలో అడుగు పెట్టకూడదు. నువ్వేమో చేను మధ్యలోనే ఇల్లు కట్టుకున్నావు, మహానుభావుడివి. ఇక్కడి కిటికీలు తెరుచుకునేవి కావు. ఒక్కోసారి ఊపిరాడనట్టుంటుంది, గాజుకి నుదురు ఆనించి నిలబడతాను.

నెత్తురే లేని మొక్కకి రోగం వచ్చినట్టు ఎలా తెలుస్తుందని వదిన అడిగింది కదా. మొక్కకి పారిపోయే దారి లేదు. అందుకని ప్రతి కణంలోనూ కాపలా ప్రోటీన్లను పెట్టుకుంది. ఒక్కో కాపలాదారు ఒక్కో దొంగనే గుర్తుపడతాడు. పట్టగానే ఆ కణం తానూ చచ్చి దొంగనూ చంపుతుంది, పక్క కణాలు బతికిపోతాయి. దొంగ ఊరుకుంటాడా, తరాలు గడిచేసరికి వేషం మారుస్తాడు. మొక్క కూడా కాపలా జన్యువుకి నకళ్లు తీసి, ఒక్కోదాన్నీ కాస్త కాస్త మారుస్తూ పోతుంది. లక్షల ఏళ్లుగా ఇదే తంతు. ఒక అడవి గడ్డిలో ఉన్న కాపలాదారు మరీ గడుసు. దొంగ దేనికోసం వస్తాడో ఆ ముక్కనే ఒంట్లో ఎరగా పెట్టుకున్నాడు. వాణ్ని గోధుమలోకి తేవాలనే నా తిప్పలన్నీ. అది ఇంకా ఏళ్ల పని. నీ విత్తనంలో ఉన్నది పాత కాపలానే.

ఇక ఆకుల సంగతి. చేను మూలన నారింజ రంగు పొడి కనబడితే కోసి మా ఆఫీసుకే పంపానని, నువ్వుండగా నాకేం భయమని రాశావు. మాకొచ్చే వాటి మీద ఎవరి పేరూ ఉండదు, నంబరే. ఎవరి చేనో మాకు తెలియకూడదని ఆ ఏర్పాటు. కానీ ఒక పొట్లం, చిన్నప్పుడు నువ్వు నాకు పల్లీలు చుట్టిచ్చినట్టే మూలలు లోపలికి దోపి, దారం అడ్డంగా చుట్టి ఉంది. చూడగానే నీదేనని తెలిసిపోయింది.

ఆ పొడిని నీ రకం మొక్కల మీద చల్లాను. కాపలాదారు కళ్లెదుటే దొంగ ఇల్లంతా తిరిగాడు. ఉన్న మందులన్నీ కొట్టి చూశాను, లొంగలేదు. నా చెయ్యే తప్పు చేసి ఉండాలని ఎంత కోరుకున్నానో. మా అన్నయ్య చేనని మా పెద్దసారుతో చెప్పేస్తే వేరేవాళ్ల చేత మళ్లీ చేయించారు. అదే వచ్చింది.

"నువ్వు తప్పుకోమ్మా, సంతకం నేను పెడతాను" అన్నారు సారు.

తప్పుకుని ఎక్కడికి పోను? ఆ పొడి గాలికెక్కిందంటే చుట్టుపక్కల ఒక్క చేనూ మిగలదు. నీ పంటంతా కోసి తగలబెట్టమని ఆర్డరు వెళ్లింది. సంతకం నాదే అన్నయ్యా. పెట్టి, బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. ఫోన్లో చెబుదామంటే నీ గొంతు వింటే నోరు పెగలదు.

ఈ ఉత్తరం నీ చేతికిచ్చినాయన మా ఆఫీసు డ్రైవరు. ఇంకా మీ గేటు దగ్గరే ఉంటాడు. కిరసనాయిలు డబ్బాలు ఆయన బండిలోనే ఉన్నాయి, మనుషులు వెనకాల కూర్చున్నారు. మా అన్నయ్య చదవడం అయ్యేదాకా ఆగమని చేతులు పట్టుకుని అడిగితే సరేనన్నాడు. ఇన్ని కబుర్లు అందుకే రాశాను. ఆయన్ని ఏమీ అనకు, తిట్టాలనిపిస్తే నన్ను తిట్టు. పాపనెత్తుకుని, వదినతో కలిసి చేనంతా ఒకసారి తిరిగి చూసుకో. చదవడం అయిపోయినా కాగితం అప్పుడే మడవకు.

ఇట్లు,
నీ తోడబుట్టినది