సున్నపు చుక్కలున్న తలుపు

కోరమండల్,
మంగళవారం

పద్మక్కకు తమ్ముడు రమణ మొక్కి రాస్తున్న ఉత్తరం. నువ్వు, పిల్లలు, అమ్మ అందరూ బాగున్నారని తలుస్తాను. అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? ఎర్రావు ఈనిందా? నేను బాగానే ఉన్నానని అలవాటు కొద్దీ రాయబోయాను గానీ, ఈ వంకర అక్షరాలు చూస్తేనే నీకు తెలిసిపోతుంది. ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చేతికి కట్టు ఉంది. మూడు వేళ్ళు విరిగాయి. అతుక్కుంటాయని డాక్టరు చెప్పాడు, నువ్వు ఏడవద్దు.

పక్కింటి దాసు కొట్టాడని బావకు ఫోనులో చెప్పాను. నీదాకా వచ్చే ఉంటుంది. "ఆదివారం నలుగుర్ని ఏసుకోని వస్తా. వాడి రెండు చేతులూ ఇరిచేసి పోతా" అన్నాడు బావ. అన్నాడంటే వస్తాడు. బోరు నీళ్ళ వంతు కోసం చిన్నాన్న కొడుకు తల పగలగొట్టిన మనిషి. అందుకే ఈ ఉత్తరం. ఫోను చేస్తే నువ్వు మాట్లాడినంతసేపూ బావ పక్కనే నిలబడతాడు. దీన్ని టమోటాల టెంపో తోలే నారాయణస్వామికి ఇచ్చి, నీ చేతికే ఇవ్వాలని ఒట్టు వేయించుకున్నాను. బావ రాకూడదక్కా. ఎందుకు రాకూడదో చెబుతాను, మధ్యలో ఆపకుండా చదువు.

మన ఊళ్ళో బోర్డులు రాసే పనిని ఫ్లెక్సులు మింగేశాక నేను ఇక్కడికి వచ్చిన సంగతి నీకు తెలుసు. పగలు రాబర్ట్‌సన్‌పేటలో ఇళ్ళకు రంగులు వేస్తాను. మధ్యాహ్నం హోటల్లో కుస్కా, ముక్కల్లేని బిర్యానీ. సంగటి తిని నాలుగు నెలలయింది, నాలుక చచ్చిపోయింది. ఇక్కడి గాలి సంగతి చెప్పనక్కర్లేదు. మూతపడ్డ బంగారు గనిలో నుంచి తీసి పోసిన సైనైడ్ దిబ్బల మట్టి లేచి వచ్చి అన్నంలో పడుతుంది, కళ్ళల్లో పడుతుంది. అందరూ ఆ మట్టిని తిడతారు. నాకు మాత్రం దాని మీద పిచ్చి పట్టింది. బూడిద రంగూ కాదు, పసుపూ కాదు. ఎండలో ఒక తీరు, మబ్బులో ఒక తీరు. ఏ డబ్బాలోనూ దొరకని రంగు అది. ముక్కుకు గుడ్డ కట్టుకుని చీరముక్కతో జల్లించి, తుమ్మబంకలో కలిపాను. గోనెపట్టా మీద పూస్తే ఎండి పగిలింది. రేకు మీద పూస్తే పొక్కులు లేచి ఊడింది. సిమెంటు షీటు తాగేసింది. సున్నం కలిపాను, ఎనామిల్ కలిపాను, గుడ్డు సొన కూడా కలిపాను. ఎలుకలు వచ్చి నాకి పోయాయి. నవ్వకు. మూడు నెలలు ఇదే పని. ఇంటి ఓనరు నాకు మతి పోయిందని మా ఇళ్ళ లైనంతా చెప్పాడు.

అప్పుడు దొరికింది ఆ తలుపు. గని నడిచే కాలంలో కూలీల ఇళ్ళ లైన్లకు పెట్టిన చెక్క తలుపు. దాసు కొత్తగా ఇనప తలుపు పెట్టించి పాతది గోడకు ఆనించాడు. అడిగితే, "తీసుకోప్పా. పొయ్యిలోకి పెట్టాలనే ఉండాను" అన్నాడు. దాసు వాళ్ళ అమ్మ చెంగమ్మవ్వ అప్పుడు బంగారుపేటలో కూతురింట్లో ఉంది. మూలన ఒక చోట రంగు పూసి చూశాను. పట్టుకుంది. గోటితో గీకినా రాలేదు. నాకు ఏడుపొచ్చిందక్కా, అంత సంతోషం. తలుపు లోపలి వైపంతా పొగ, దాని కింద సున్నపు మరకలు. చుక్కలు చుక్కలుగా, వరసల్లో. పండగ బొట్లు అనుకున్నాను. తలుపును వాకిట్లో పడుకోబెట్టి, ఇనప బ్రష్షు తీసుకుని పై నుంచి గీకడం మొదలుపెట్టాను.

సగం గీకి, గీకిన మేరకు రంగు పూసేసరికి అవ్వ ఊరి నుంచి వచ్చింది. సంచి కింద పడేసి పరిగెత్తింది.

"ఏం చేస్తా ఉండావురా నా తలుపును? వదలరా! వదలు!"

"దాసే ఇచ్చినాడవ్వా. పో అవతలికి" అన్నాను.

ఆమె తలుపు మీద బోర్లా పడి రెండు చేతులా పట్టుకుంది. గీకిన చోట తడిగా ఉన్న రంగు ఆమె రవికకు అంటుకుంటోంది. అక్కా, మూడు నెలల మీద దొరికిన రంగు అది. నా కంటికి ఆ రంగే కనబడింది, మనిషి కనబడలేదు. భుజాలు పట్టి లాగాను. ఆమె నా మణికట్టు కొరికింది. నేను చెంప మీద కొట్టాను. ఒకటి కాదు, రెండు. జుట్టు పట్టి ఎత్తి విసిరాను. రాతి మెట్టు మీద పడింది. తుంటి దగ్గర ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను.

ఇది బావకు చెప్పలేదు. అడిగి తెచ్చుకున్న తలుపు కోసం దాసు కొట్టాడని మాత్రమే చెప్పాను.

దాసు లోపలి నుంచి జంపర్ తీసుకుని వచ్చాడు. గనిలో బండకు బెజ్జాలు కొట్టే కడ్డీ, వాళ్ళ నాన్నది. "మా అమ్మ మింద చెయ్యేస్తావా?" అని ఒక్కటే అరుపు. మొదటి దెబ్బకు వేళ్ళు పోయాయి. రెండోది భుజం మీద. మూడోది తలకు గురిపెట్టాడు, నేను పక్కకు పడ్డాను, అది రంగు డబ్బాల మీద పడి వాకిలంతా చిందింది. నాలుగోది ఎత్తుతుంటే ఆపింది ఎవరనుకున్నావు? మెట్టు మీద పడి ఉన్న ఆమే. "చాలు రా దాసూ, సచ్చిపోతాడు" అంది. ఆస్పత్రికి ఇద్దరినీ ఒకే ఆటోలో వేసుకుని పోయారు. గుంత వచ్చినప్పుడల్లా ఆమె నా మీద పడి అరిచేది, నేను ఆమె మీద పడి అరిచేవాణ్ణి. ఎలా తగిలిందని డాక్టరు అడిగితే జారిపడ్డానని ఆమె ముందే చెప్పేసింది. నేనూ అదే చెప్పాను.

మూడో రోజు ఆమె మంచం దగ్గరికి వెళ్ళాను. దాసు నన్ను చూసి లేచి బయటికి పోయాడు.

"ఎన్ని మిగిలినాయప్పా?" అని అడిగింది.

"ఏవవ్వా?"

"చుక్కలు. మా ఇంటాయన గనిలో షిఫ్టు ముగిసి పానంతో ఇంటికొస్తే ఒక చుక్క పెడతా ఉంటిని. ఆకులోకి పెట్టుకునే సున్నమే, వేలితో. ఎవురికీ చెప్పలేదు, దిష్టి తగల్తాదని. దాసుకీ తెలీదు."

గడియ కింద ఉన్నవి అలాగే ఉన్నాయని, పైవన్నీ పోయాయని చెప్పాను.

"పై నుంచే కదా పెట్టుకోని వచ్చింది. మంచి దినాలంతా గీకేసి, లోపల బండ పేలి ఆయప్ప రాకుండా పోయిన దినం దగ్గిర నిలిపినావే. ఇంగ ఆ ఆఖరు వరస గీకేసి ఉంటే నేనే నీకి కాఫీ పోసుంటాను కదప్పా" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు అసలు మాట. నిన్ను కొట్టేటప్పుడు బావ ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. చిన్నప్పుడు నీ ఇంట్లో ఉండి చదువుకుంటూ, తలుపు చాటున నిలబడి ఎన్నిసార్లు చూశానో. ఈ మనిషిలా నేను ఎప్పుడూ కాను అని పళ్ళు కొరుక్కునేవాణ్ణి. ఆ రోజు నా ముఖం నేను చూసుకోలేదు. ఆ ముసలమ్మ చూసింది. నా చెయ్యి విరిగినందుకు నాకు బాధ లేదు. అది విరిగేలోపు చేసిన పని ఉంది చూడు, దానికి సిగ్గుపడి చస్తున్నాను. ఇప్పుడు నా అబద్ధం పట్టుకుని బావ వచ్చి దాసు చేతులు విరిస్తే, మంచం మీద ఉన్న ఆమెకు నీళ్ళిచ్చేవాళ్ళు ఉండరు.

నిజం బావకు నువ్వు చెప్పవద్దు. చెబితే ఆ కోపం నీ మీద తీరుస్తాడు. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వెయ్యి. శనివారం సాయంత్రం బస్సుకు నేనే వస్తున్నాను, ఆయన ఎదుట నిలబడి నేనే చెబుతాను. అమ్మను కాస్త సంగటి గెలకమను.

అమ్మ పాదాలకు, ఇంటి పెద్దలకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. నీ దీవెన ఎప్పుడూ నా తల మీద ఉండాలి.

శనివారం బావ నన్ను కొడతాడు. కొట్టనీ. నువ్వు మాత్రం ఎప్పటిలా మధ్యలోకి రావద్దక్కా.

నీ తమ్ముడు,
రమణ