రెండు చుక్కల పుల్లర్

తుని,
జూన్ 12.

గౌరవనీయులైన వీరబ్రహ్మం గారికి,

నమస్కారాలు. నేను మెకానిక్ ఎజ్రా గారి తమ్ముడి కూతుర్ని, దీవెనని. ఇక్కడ స్కూల్లో లెక్కలు చెబుతాను. పెదనాన్న ఏప్రిల్‌లో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. పెళ్లి చేసుకోని మనిషి కదండీ, ఆయనకున్న ఒకే ఒక్క ఆస్తి, పనిముట్ల పెట్టె, నాకిచ్చి వెళ్లారు. మూత లోపల "వీరబ్రహ్మం చూసేదాకా దేన్నీ అమ్మొద్దు" అని సుద్దముక్కతో రాసి ఉంది. మీ నంబరు సంపాదించి ఫోన్ చేస్తే మీ కోడలు గారు, "మావయ్య గారికి ఫోన్లో వినబడదండి, ఆ ఫోటోలూ అవీ చూడరు. ఉత్తరం రాయండి" అన్నారు.

అందుకని ఒక్కోదాన్నీ కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి పంపుతున్నాను. స్పానర్లు మాకూ తెలుసు. తెలియనివి మూడు.

ఒకటి, సన్నటి ఇనుప రేకులు. విసనకర్రలా విచ్చుకుంటాయి. అమ్మ వాటితో చిప్పలోంచి కొబ్బరి తీస్తోంది. రెండోది, చివర రబ్బరు గిన్నె ఉన్న కర్ర. తమ్ముడు ఫిన్నీ దాన్ని నుదుటికి అంటించుకుని, ఊడబెరుక్కుని, గుండ్రటి ఎర్ర మచ్చతో ఆదివారం ఆరాధనకి వచ్చాడు. పాస్టరు గారు పక్కకి పిలిచి, "ఏ గుడికి వెళ్లొచ్చావు బాబూ?" అని అడిగారు. మూడోదానికి కొక్కేల్లాంటి మూడు కాళ్లు, మధ్యలో పొడుగాటి మర. కొబ్బరికాయ పీచు తీసేదని ఇంట్లో తీర్మానించి ప్రయత్నించాం. కాయ ఎగిరి దీనమ్మత్త కాలి మీద పడింది.

ఫిన్నీ ఇదంతా పాత ఇనుము బండికి వేసేద్దామంటున్నాడు. త్వరగా చెప్పగలరు.

ఇట్లు,
పెట్టెకు కాపలా కాస్తున్న
దీవెన


రాజమండ్రి,
జూన్ 20.

చిరంజీవి దీవెనకు,

ఆశీస్సులు. ఎజ్రా పోయాడని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. దాని గురించి ఏమీ రాయను.

మీ అమ్మగారిని ఆ రేకులు తక్షణం కింద పెట్టమను. అది ఫీలర్ గేజ్. ఇంజన్లో టాపెట్ దగ్గర వెంట్రుకంత సందు కొలవడానికి. రెండోది వాల్వు రుబ్బే కర్ర. గిన్నెని వాల్వుకి అంటించి, అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాలి. ఫిన్నీ నుదురు వాల్వు కాదని చెప్పు.

మూడోది పుల్లర్. బిగుసుకుపోయిన బేరింగుని ఊడలాగేది. దాని మధ్య దిమ్మ మీద పంచ్‌తో కొట్టిన చుక్కలుంటాయి, చూడు. నేనూ ఎజ్రా పనిచేసిన షెడ్డులో పనిముట్లు కలిసిపోకుండా ఎవరి గుర్తు వాళ్లు కొట్టుకునేవాళ్లం. ఎజ్రావి మూడు చుక్కలు, నావి రెండు. ఒకే రోజు ఒకే కొట్లో చెరో పుల్లరూ కొన్నాం. ఇరవై ఎనిమిదేళ్ల కిందట నాది పోయింది. నువ్వే తీశావని ఎజ్రాని నలుగురిలో అనేశాను. తియ్యలేదని వాడు బైబిల్ మీద చెయ్యేసి చెప్పాడు. నేను నమ్మలేదు. మర్నాడే పెట్టె నెత్తిన పెట్టుకుని తుని వెళ్లిపోయాడు. మళ్లీ మొహాలు చూసుకోలేదు.

రెండు చుక్కలుంటే దాచకుండా రాయి.

మా ఆవిడ పాపాయి, మా అమ్మాయి పురిటికని యానాం వెళ్లింది. రోజూ తులసమ్మకి నీళ్లు పోసి దండం పెట్టే పని నాకు అప్పజెప్పింది. ఇన్ని పనుల్లోనూ వెంటనే జవాబు రాశాను. నువ్వూ అలాగే రాయి.

ఇట్లు,
వీరబ్రహ్మం, మెకానిక్


తుని,
జూన్ 27.

గౌరవనీయులైన వీరబ్రహ్మం గారికి,

రెండే ఉన్నాయండి.

ఎండలో పెట్టి చూశాను, అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. రెండే. మూడు అని రాసి ఒక కాగితం చింపేశాను కూడా. నాకు అబద్ధమాడకూడదని నేర్పిందే పెదనాన్న. ఆయన పేరు మీద ఆడితే ఎలాగండీ? బైబిల్ మీద చెయ్యేశారన్న మాట చదివిన దగ్గర్నుంచి అమ్మ వీధిలోకి రావడం లేదు. నాకు చాలా సిగ్గుగా, బాధగా ఉంది.

మీ పుల్లర్ పార్సిల్ చేస్తాను. మా పెదనాన్నని క్షమించండి.

ఇట్లు,
దీవెన


రాజమండ్రి,
జూలై 4.

చిరంజీవి దీవెనకు,

పార్సిల్ చెయ్యకు.

ఇన్నేళ్లూ ఈ మాట కోసమే కాచుకు కూర్చున్నాను. నీ ఉత్తరం చదివి సంబరపడాల్సింది. తీరా చూస్తే అన్నం సహించడం లేదు. వాడు దొంగ కాకూడదని ఇప్పుడనిపిస్తోంది. ముందే అనిపించి ఉంటే బాగుండేది.

ఎజ్రా చుక్కలు పొయ్యి రాళ్లలా మూడు వైపులా ఉంటాయి. పాత గ్రీజు గట్టిపడితే ఇనుములాగే కనిపిస్తుంది. ఒక పూట కిరసనాయిల్లో నానబెట్టి, పీచుతో గట్టిగా రుద్దు. తర్వాత దాని మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది, ఆ ముద్ర పంపు. మొదటి బొమ్మ ఎక్కడ పెట్టానో కనిపించడం లేదు, పుల్లర్‌ది మళ్లీ గీసి పంపు.

ఇట్లు,
వీరబ్రహ్మం


తుని,
జూలై 10.

వీరబ్రహ్మం గారికి,

'గౌరవనీయులైన' అని ఈసారి రాయలేదు, గమనించగలరు.

మూడు! ముద్రా, మీరడిగిన బొమ్మా జత చేశాను, చుక్కలు లెక్కపెట్టుకోండి. మూడో చుక్క గ్రీజు కింద ఉంది. అమ్మ ఏడుస్తూనే వీధంతా తిప్పి చూపించింది. ఫిన్నీ పాత ఇనుము బండాయన్ని గట్టిగా కేకలేసి పంపేశాడు. పాపం ఆయన వచ్చింది పక్కింటికి.

మూత లోపల ఆ మాట ఎందుకు రాశారో ఇప్పుడు తెలిసింది. ఈ చుక్కలు మీ కంట పడాలని.

మరి మీ పుల్లర్ ఏమైందండీ? పెన్సిలు పోయిందని పక్కవాడి మీద చెప్పే పిల్లలతో నేను అనే మాట మీతోనూ అంటున్నాను. ముందు మీ సంచి వెతుక్కోండి.

ఎజ్రా గారి కూతురిలాంటి
దీవెన


రాజమండ్రి,
జూలై 18.

తల్లీ దీవెనా,

పుల్లర్ దొరికింది. ఎక్కడో రాయడానికి సిగ్గేస్తోంది. అయినా రాస్తాను.

నిన్న పాపాయి యానాం నుంచి వచ్చింది. బల్ల మీద నీ బొమ్మ చూసి, "ఇదేంటండీ, మన తులసమ్మ స్టాండు బొమ్మ మీకెవరు పంపారు?" అంది.

పెరట్లోకి పరుగెత్తాను. మర భూమిలోకి దిగి ఉంది. మూడు కాళ్లూ పైకి, వాటి మధ్య తులసి కుండీ. ఇరవై ఎనిమిదేళ్ల పసుపు. గోటితో గీకితే పక్కపక్కనే రెండు చుక్కలు.

"ఇదెక్కడిదే?"

"షెడ్డుకి క్యారేజీ తెచ్చినప్పుడు ఓ మూల పడుంటే తెచ్చానండి."

"పుల్లర్ పోయిందని ఊరంతా అరిచానే, అప్పుడెందుకు చెప్పలేదు?"

"పుల్లరంటే ఏదో మిషననుకున్నానండి. ఏ వస్తువు ఏంటో నాకెప్పుడైనా చూపించారా?"

చూపించలేదు. రోజూ దానికే నీళ్లు పోసి, కళ్లు మూసుకుని దండం పెట్టి, లోపలికొచ్చి ఎజ్రాని తిట్టుకున్నాను. వాడు మాత్రం పోతూ పోతూ కూడా నన్ను పిలిచాడు.

వచ్చే ఆదివారం తుని వస్తున్నాం. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. ఆరాధన అయ్యాక నాకు రెండు నిమిషాలు ఇమ్మని పాస్టరు గారిని అడుగు. తర్వాత సమాధి దగ్గరికి తీసుకెళ్లు. "నువ్వు తియ్యలేదురా" అని వాడితో చెప్పాలి.

పెట్టె అమ్మకు. ఒక్కో పనిముట్టుకీ పేరు రాసి చీటీ అంటిద్దాం, ఇంటిల్లిపాదికీ తెలిసేలా. ఇవాళ దండం కళ్లు తెరిచే పెట్టాను.

ఒప్పుకుంటే మీ బాబాయి,
వీరబ్రహ్మం

మరో మాట. మేం వచ్చేసరికి మీ పుల్లర్ ఎక్కడైనా దాచిపెట్టు. పాపాయి మల్లె కుండీకి ఇంకో స్టాండు కావాలంటోంది.