పలక మీద రాయని పేరు

తమ్ముడూ,

పాపను పొద్దున్నే ఆస్పత్రిలో చేర్చాం. నువ్వు అటువైపు రావద్దు. దాని గదిలోని దుప్పట్లన్నీ వేడినీళ్లలో నానబెట్టు. ఆక్సిజన్ మిషన్‌ని ముట్టుకోకు. డీప్ ఫ్రిజ్‌లో చిన్న సీసాల్లో ఉన్నవి కోడలు పిండి దాచిన చనుబాలు, వాటిని కదిలించకు. నా మనవరాలు మళ్లీ తాగుతుందనే కోడలి నమ్మకం.

నెలలు నిండకుండా పుట్టి, ముక్కులో గొట్టంతో ఇంటికొచ్చిన పిల్ల అది. అందుకే కదా గది తలుపుకి పలక వేలాడదీశాం, జలుబు చేసినవాళ్లు పేరు రాసి బయటే ఉండాలని! నువ్వేమో ఎలర్జీ అన్నావు. మాస్కు కిందికి లాగి ముద్దు కూడా పెట్టావు. నీకది జలుబు, దానికది జబ్బు. ఇవాళ తెల్లారేసరికి డొక్కలెగరేస్తోంది, పెదాలు నీలంగా మారాయి.

"ఇక తనంతట తాను ఊపిరి తీసుకోలేదండీ, మిషనే అందించాలి" అంది డాక్టరమ్మ. "ఇంట్లో ఎవరికైనా జలుబుందా?" అని కూడా అడిగింది. కోడలు నావైపు చూసింది. తిత్తి తీయాల్సింది నీది. అలసిపోయినవి మాత్రం దాని ఊపిరితిత్తులు.

భోజనం మూతపెట్టి ఉంచాను, తిను. జ్వరం మాత్ర కూడా వేసుకో.

ఇంకోమాట. మొన్న మెట్లమీద నువ్వు వరసగా నాలుగుసార్లు తుమ్మడం నేను విన్నాను. "తమ్ముడు కాదురా, తుమ్ముడు!" అని మెట్లు దద్దరిల్లేలా నవ్వి, ఆ గది తలుపు నేనే తీశాను. ఇప్పుడు పలక మీద నీ పేరు రాశాను. దానికంటే పైన నాది రాశాను.