మూడు నెలల చక్కెర

సత్తెమ్మా,

నువ్వు పోయి నేటికి మూడు నెలలు. పొద్దున మహబూబ్‌నగర్‌లో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. నాకు కదలని పళ్లు కావాలి. నీ దశదినకర్మ భోజనాల దగ్గర నీ తమ్ముడితో వాదిస్తుంటే నా కట్టుడు పళ్ల సెట్టు జారింది. "బావా, నీ మాటకంటె ముందుగాల నీ పండ్లు బయటికొస్తున్నయి" అన్నాడు. బంతిలో అందరూ నవ్వారు. జీవితంలో ఒక్క పుస్తకం పూర్తిగా చదవని మనిషి చేతిలో ఓడిపోయాను. సంవత్సరీకం నాటికి వాడికి బదులు చెప్పాలి.

దవడ ఎముకలో బిగించే ఇంప్లాంట్ల గురించి దొరికిందంతా చదివే వెళ్లాను. దవడ ఎముక పలచబడినా సరిపోతుందన్నాడు డాక్టరు. చుట్ట ఎప్పుడో మానేశానని చెప్పాను. ఇక మిగిలింది షుగరు. పరీక్షకు ముందు నువ్వు చేయించినట్టే చేశాను. రెండు రోజులు జొన్న రొట్టె, ఆకుకూర తప్ప ఏదీ ముట్టలేదు. ఆ ఉపాయంతోనే కదా ఇన్నేళ్లూ డాక్టర్లను గెలిచాం.

ఈ కుర్ర డాక్టరు రిపోర్టు చూసి నవ్వాడు.

"గిది మూడు నెలల షుగరు లెక్క తాతా. రెండు దినాలు ఉపాసముంటె మారదు. గింత షుగరుంటె చిగురు మానదు, బిగించిన పన్ను నిలవదు. మూడు నెలల సంది ఏం తింటున్నవ్?"

చాయ్‌లో బన్ను ముంచుకుని తింటున్నానని చెప్పలేదు.

"ఇంట్ల నీ తిండి ఎవరు చూస్తరు?"

నీ పేరు చెప్పాను.

"మల్లొచ్చేటప్పుడు అవ్వను గుడ తోల్కరా. ఆమెకే చెప్త" అన్నాడు.

సరేనన్నాను.