బంతి ఒడిలో పడగానే గంగ

శనివారం రాత్రి, మందమర్రి

నా బంగారు తల్లి గంగ ఈరోజు తన పేరు తానే చెప్పింది! అందరి ముందూ, గట్టిగా!

మంచిర్యాలలో మాటలు నేర్పే మేడమ్ దగ్గర ఇన్నాళ్లూ ఒక్కతే కూర్చునేది. మేడమ్ నోటి వైపు చూసేదే తప్ప పెదవి కదపలేదు. ఈరోజు మేడమ్ పిల్లలందరినీ గుండ్రంగా కూర్చోబెట్టింది. బంతి ఎవరి ఒడిలో పడితే వాళ్లు పేరు చెప్పాలి. బొగ్గు బాయిలోకి దిగే ముందు మేము మస్టర్‌లో హాజరుకు పేరు చెప్పినట్టే! బంతి గంగ దగ్గరికి వచ్చింది. పక్కనున్న ఇమ్రాన్ "ఇయ్యి! బంతియ్యి!" అని గుంజాడు. గంగ బంతిని పొట్టకు హత్తుకుని "గంగ!" అని అరిచింది. నాకు ఏడుపు ఆగలేదు.

"గిదేంది తాతా, మనుమరాలు మాట్లాడితే ఏడుస్తున్నవ్?" అంది ఇమ్రాన్ తల్లి.

"మనుమరాలు కాదమ్మా, నా బిడ్డనే! లేకలేక పుట్టింది," అన్నాను. అందరూ ఒకటే నవ్వు.

ఇంటికి వచ్చిన దగ్గర నుంచి తమ్ముడు పోశం కళ్ల ముందు నుంచి కదలడం లేదు. వాడికీ మాట రాలేదు. చిన్నప్పుడే జాతరలో తప్పిపోయాడు. పేరేందిరా అని ఎవరైనా అడిగితే వాడు ఏం చేసి ఉంటాడో... మమ్మల్ని కన్న అవ్వ పోయేదాకా గుంపు కనిపిస్తే ఆగి వెతికేది. అందుకే మేడమ్ గుంపులో కూర్చోబెడతానంటే నాకు భయమేసింది. ఆ గుంపులోనే నా బిడ్డకు మాట వచ్చింది.

పొద్దున్నే చెప్పవలసిన వాళ్లు: శ్రీరాంపూర్ చెల్లె, నస్పూర్ బామ్మర్ది, ఆదిలాబాద్ మేనత్త, కరీంనగర్ పెద్దక్క.

పోశం. ఎక్కడున్నాడో.