నీలికళ్ల గడ్డి

ఐలీన్ వదినకు,

చివరి రోజు మీ చెల్లెలు రెండు చెంచాల ఓట్స్ జావ తాగింది. మంచం కిటికీ పక్కకు జరిపించుకుని, ఇంటి ముందు పచ్చిక చూసి నవ్వింది. "పోయినేడు నా పూలకి గుండు కొట్టేశావు. ఈసారైనా కళ్లు తెరిచి కొయ్యవయ్యా," అంది. మధ్యాహ్నం మూడింటికి పోయింది.

ఆ పూలు నీలికళ్ల గడ్డివి. మీ నాన్నగారి గడ్డిబయలును మొక్కజొన్నకు దున్నేముందు మీరిద్దరూ తవ్వి తెచ్చారు. అక్కడిప్పుడు ఒక్కటీ లేదు. మళ్లీ కోసేస్తానన్న భయంతో నెలరోజులుగా గడ్డి కోసే యంత్రం ముట్టుకోలేదు. గడ్డి మోకాలిదాకా పెరిగింది. నిబంధనకు మించి పెరిగిందని, రేపు పదకొండింటికి తామే కోయిస్తామని పురపాలక కార్యాలయం నోటీసు అంటించింది. గడువు అడిగాను. "పెద్దాయనా, ఆవును కొనే ఆలోచనేమైనా ఉందా?" అని గుమస్తా నవ్వాడు.

పువ్వు విచ్చుకోనిదే ఆ మొక్కను మామూలు గడ్డిలో పోల్చుకోలేను. అది ఎండలోనే విచ్చుకుంటుంది. రేపు మబ్బు అంటున్నారు. ఈ ఉత్తరం మీకు అందేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

ఎండ వస్తే, విచ్చుకున్న ప్రతి పువ్వు పక్కన, కోసేవాళ్లకు గుర్తుగా ఒక పుల్ల గుచ్చుతాను. రాకపోతే, రేపు ఉదయం కుర్చీ తెచ్చుకుని గడ్డి మధ్యలో కూర్చుంటాను.