ఐసు ఫ్యాక్టరీలో మానవ వనరులు

గుడివాడ,
జూలై 2.

రత్తయ్య మావయ్యగారికి,

బందరు మోటార్ల మెకానిక్ కాలేషా గారి పెద్దమ్మాయి సాదియా నమస్కారాలు చెప్పుకుని రాస్తున్న ఉత్తరం. మీ ఐసు ఫ్యాక్టరీ మోటారు కాలిపోయినప్పుడల్లా ముదినేపల్లి వచ్చేది మా నాన్నే కాబట్టి నేనూ మీకు గుర్తుండే ఉంటాను. చిన్నప్పుడు నాన్నతో వచ్చి, మీ ఐసు దిమ్మ మీద కూర్చుని, మళ్లీ లేవలేక ఏడ్చింది నేనే.

ఇప్పుడు గుడివాడలో హాస్టల్లో ఉండి ఎంబీఏ రెండో ఏడు చదువుతున్నాను. నాది హెచ్.ఆర్. ఏదైనా సంస్థలో రెండు నెలలు ప్రాజెక్టు చేస్తేగాని డిగ్రీ ఇవ్వరు. హైదరాబాదులో పదకొండు కంపెనీలకి మెయిల్ పెట్టాను. పది జవాబివ్వలేదు. పదకొండోది నాకు క్రెడిట్ కార్డు కావాలా అని అడిగింది. మీ ఫ్యాక్టరీ మీద హెచ్.ఆర్. చేసుకోవడానికి ఒప్పుకుంటారా?

ముందు ఫోనే చేశానండీ. కంప్రెసర్ మోతలో మీరు "చేపలు లేవమ్మా, ఐసే" అని మూడుసార్లు చెప్పి పెట్టేశారు. పైగా మా గైడ్ దుర్గాశ్రీనివాస్ గారు ప్రతి మాటా కాగితం మీదే జరగాలన్నారు. ఉత్తరాలన్నీ రిపోర్టు వెనకాల కుట్టాలట.

మీ జవాబు కోసం చూస్తూ,
సాదియా

తా.క. నాన్న మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు. మోటారు బాగానే తిరుగుతోందా అని కూడా కనుక్కోమన్నారు. బాగా తిరుగుతోందంటే కొంచెం బాధపడేలా ఉన్నారు.

*

ముదినేపల్లి,
జూలై 5.

అమ్మాయి సాదియాకి రత్తయ్య మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివి ఒకపూట అన్నం మానేశాను. కాలేషా కూతురివి అయ్యుండి నా ఫ్యాక్టరీ మీద హెచ్.ఆర్. చేస్తానంటావా? హెచ్.ఆర్. అంటే హైకోర్టు రిట్ అని మా గుమాస్తా రామబ్రహ్మం చెప్పాడు. వాడు రెండుసార్లు లా కాలేజీలో చేరి రెండుసార్లూ బయటికి వచ్చినవాడు, వాడికి తెలియకపోదు. నేను చొక్కా మార్చుకుని విజయవాడ లాయరు దగ్గరికి బయల్దేరుతుంటే మీ వసుంధర అత్తయ్య ఉత్తరం లాక్కుని, మొదటి నుంచి చివరిదాకా చదివి, "ఇది చదువండీ, దావా కాదు" అంది.

మానవ వనరులంటే మనుషులతో పని చేయించుకోవడం గురించిన చదువట కదా. దానికి రెండేళ్లెందుకమ్మా? పొద్దున్నే వాళ్లకంటే ముందు మనం వస్తే సరిపోతుంది. సర్లే, రా. మా దగ్గర పద్నాలుగు మంది వనరులున్నారు. అందరూ పాతవాళ్లే. మా ఆపరేటరు బసవయ్య వచ్చి పంతొమ్మిదేళ్లు. ఇప్పటిదాకా ఒక్కడు కూడా మానేసి పోయింది లేదు.

ఉంటాను మరి,
మావయ్య రత్తయ్య

తా.క. మోటారు బాగానే ఉంది. నాన్న బాధపడతాడంటే అప్పుడప్పుడు మూలుగుతోందని చెప్పు.

*

గుడివాడ,
జూలై 12.

మావయ్యగారికి, అత్తయ్యగారికి సలాములు.

మొన్న వచ్చినప్పుడు మీరు పెట్టిన కొర్రమేను కూర గురించి హాస్టల్లో ఇంకా చెప్తూనే ఉన్నాను. ఇప్పుడొక చిక్కొచ్చింది. నేను తీసుకున్న అంశం "ఉద్యోగులు మానెయ్యడం: కారణాలు, నివారణ". ఒక్కరూ మానెయ్యలేదని చెప్తే మా గైడ్ గారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "జబ్బే లేనివాడికి నువ్వేం వైద్యం చేస్తావమ్మా? అంకెలు కావాలి, గ్రాఫు కావాలి" అన్నారు. అంశం మార్చుకునే గడువు అయిపోయింది. గ్రాఫు లేకపోతే ఏడాది పోతుంది.

కనీసం ఎవరికైనా లోపల అసంతృప్తి ఉందేమో చూద్దామని ప్రశ్నల కాగితాలు పద్నాలుగు పంపుతున్నాను. గుడివాడ చేపల మార్కెట్టుకి వచ్చే మీ ఐసు బండి డ్రైవరు చేతికి ఇచ్చాను. దయచేసి అందరితో నింపించండి.

మీ అభిమానం కోరే,
సాదియా

తా.క. ఎవరైనా కొంచెం అసంతృప్తిగా ఉన్నామని రాస్తే వద్దనకండి.

*

ముదినేపల్లి,
జూలై 20.

సాదియాకి మావయ్య రాస్తున్నాడు. దీవెనలు తర్వాత.

నీ కాగితాలు ఐసు బండిలో తడిసి ముద్దయి వచ్చాయి. అత్తయ్య ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి ఒక్కొక్కళ్లకీ ఒక్కొక్కటి ఇచ్చింది. "మీ పని వాతావరణం ఎలా ఉంది?" అన్నదానికి పదమూడు మందీ "చల్లగా ఉంది" అని రాశారు. ఐసు ఫ్యాక్టరీలో ఇంకెలా ఉంటుందమ్మా? "ఐదేళ్ల తర్వాత మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?" అంటే వాచ్‌మన్ దైవాధీనం "హంసలదీవిలో, మా అమ్మాయి ఇంట్లో" అని రాశాడు. రామబ్రహ్మం "లా కాలేజీలో" అని రాశాడు.

పద్నాలుగోవాడు బసవయ్య. కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఏంటండీ ఇది?"

"అందరికీ ఇచ్చిందేరా. రాయి."

"నిజంగా రాయమంటారా?"

"నిజంగానే. ఏదీ దాచుకోకుండా రాయి."

నా మొహంలోకి కాసేపు చూశాడు. రాసి, మడతపెట్టి ఇచ్చాడు. జ్వరం చూసినట్టు కంప్రెసర్ మీద ఒకసారి చెయ్యి వేసి, క్యారేజీ తీసుకుని గేటు దాటి వెళ్లిపోయాడు. సాయంత్రం విప్పి చూద్దును కదా, ప్రశ్న: "మీరు ఈ ఉద్యోగం మానెయ్యడానికి ముఖ్య కారణం ఏమిటి?" కింద వాడి జవాబు: "నాకు తెలీదండి. మీరే చెప్పాలి."

నందివాడలో వెంకటపతి ఐసు ఫ్యాక్టరీలో చేరిపోయాడట. మనిషిని పంపితే తలుపు తియ్యలేదు. పంతొమ్మిదేళ్ల మనిషమ్మా. ఏం చెయ్యమంటావు?

మావయ్య

తా.క. ఐసు గడ్డకట్టడం లేదు. బసవయ్య ఏ మీట ఎప్పుడు తిప్పేవాడో మాకెవరికీ తెలీదు. ఇవాళ దిమ్మలు కొబ్బరిబోండాల్లా వచ్చాయి. పైన గట్టి, లోపల నీళ్లు.

*

గుడివాడ,
జూలై 24.

మావయ్యగారికి తలవంచుకుని రాస్తున్నాను.

తప్పంతా నాదే. అది ఉద్యోగం వదిలి వెళ్లేవాళ్లకి ఇచ్చే కాగితం. క్లాసులో ఇచ్చిన నమూనా నా ఫైల్లోంచి మిగతావాటిలో కలిసిపోయింది. రెండు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు.

మా గైడ్ గారికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. "పద్నాలుగులో ఒకరు! ఏడు శాతం! ఇప్పుడు మొదలైందమ్మా నీ ప్రాజెక్టు" అన్నారు. మిగిలిన పదమూడు మంది జారిపోకుండా వెంటనే ఏదో ఒకటి చెయ్యాలట. పుస్తకం ప్రకారం మొదటి మందు టీమ్ బిల్డింగ్. ఈ ఆదివారమే పెట్టించండి. అందరూ కలిసి చెయ్యి వెయ్యాలి, యజమాని కూడా ఉండాలి. ఎందుకు చేస్తున్నామో ముందే చెప్పకూడదట, చెప్తే సహజంగా ఉండదట.

క్షమించమని వేడుకుంటూ,
సాదియా

తా.క. బసవయ్య గారి జవాబు గైడ్ గారు క్లాసులో చదివి వినిపించారు. ఇంత నిజాయితీగా రాసినవాళ్లని ఆయన ఇంతవరకు చూడలేదట.

*

ముదినేపల్లి,
ఆగస్టు 1.

సాదియాకి,

నువ్వు చెప్పినట్టే టీమ్ బిల్డింగ్ కట్టించాను. ఎంత కొలతల్లో కట్టాలో నువ్వు రాయలేదు. పదిహేను అడుగులకి పన్నెండు వేయించాను. ఆదివారం పొద్దున్నే ఇటుకలు, ఇసక, సిమెంటు దింపించి, పదమూడు మందినీ పిలిచి తలా ఒక తట్ట ఇచ్చాను. నేనూ మోశాను. నడుం పట్టేసింది.

"దేనికండీ ఈ గది?" అని దైవాధీనం అడిగాడు.

"అది చెప్పకూడదు" అన్నాను, నువ్వు వద్దన్నావు కాబట్టి.

చాలదూ? మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకిపోయింది. మనుషులతో పని లేని మిషను ఏదో కలకత్తా నుంచి వస్తోందనీ, దాన్ని పెట్టడానికే గదనీ, వెళ్లగొట్టేవాళ్లతోనే కట్టిస్తున్నాననీ. బసవయ్యని ముందుగా పంపింది కూడా అందుకేనట. నేను కాదని చెప్పినకొద్దీ వాళ్లకి అనుమానం పెరిగింది. గోడలు మాత్రం పూర్తిచేశారమ్మా, అంత మంచివాళ్లు. ఆ తర్వాత తాపీలు కడిగి ఒక వరసలో పెట్టి, నమస్కారం పెట్టి, పదమూడు మందీ నందివాడ వెళ్లిపోయారు.

ఇప్పుడు ఫ్యాక్టరీలో నేనూ మీ అత్తయ్యా మాత్రమే ఉన్నాం. చేపల లారీల వాళ్లు గేటు దగ్గర హారన్లు కొడుతున్నారు.

రత్తయ్య

తా.క. రామబ్రహ్మం కూడా వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ హెచ్.ఆర్. అంటే నిజంగా హైకోర్టు రిట్టే అయ్యుంటే ఇంతకంటే నయంగా ఉండేదన్నాడు.

*

గుడివాడ,
ఆగస్టు 6.

మావయ్యగారికి,

మీ ఉత్తరం చదువుతూ ఏడ్చాను. గ్రాఫు గీస్తూ కూడా ఏడ్చాను. నిజం చెప్పాలంటే గ్రాఫు చాలా బాగా వచ్చింది. మా బ్యాచ్‌లో నూటికి నూరు శాతం చేరింది నాదొక్కటే.

ఉండబట్టలేక నిన్న నాన్నని తోడు తీసుకుని నందివాడ వెళ్లాను. బసవయ్య గారు టీ ఇప్పించారు. కాగితం ఎలా కలిసిపోయిందో, టీమ్ బిల్డింగ్ అంటే నిజానికి ఏమిటో అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఇదంతా నువ్వు చెప్తున్నావేంటమ్మా? ఆయనకి ముదినేపల్లి నుంచి ఇక్కడికి దారి తెలీదా?" అన్నారు.

మావయ్యగారూ, మా పుస్తకంలో నివారణ గురించి నలభై పేజీలున్నాయి. అవన్నీ మళ్లీ చదివాను. మీకు పంపదగ్గది ఏదీ కనబడలేదు. కాగితాలేవీ లేకుండా మీరే ఒకసారి వెళ్లండి.

సాదియా

తా.క. వాళ్లందరూ ఇంకా మధ్యాహ్నం క్యారేజీలు విప్పి, అక్కడ అత్తయ్యగారు పోసే పప్పుచారు గురించే మాట్లాడుకుంటున్నారు. ఇది నేను రిపోర్టులో రాయలేదు. మీ చెవిలో వేస్తున్నాను.

*

ముదినేపల్లి,
ఆగస్టు 16.

బంగారుతల్లి సాదియాకి మావయ్య, అత్తయ్యల ఆశీస్సులు.

వెళ్లాను. బస్సు దిగి ఫ్యాక్టరీ దాకా నడుస్తూ ఏం మాట్లాడాలో మూడుసార్లు అనుకున్నాను. బసవయ్యని చూడగానే అన్నీ మర్చిపోయాను. వాడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వీపు ఆనించుకునే కుర్చీ. నన్ను చూసి లేచాడు.

"వెంకటపతి గారు మొదటి రోజే వేయించారండీ" అన్నాడు. "పంతొమ్మిదేళ్లు చేపల ట్రే బోర్లించుకుని కూర్చున్నాను కదండీ, ఇందులో ఇంకా అలవాటు కాలేదు."

"నన్నొక్క మాట అడగలేకపోయావురా?"

"ఎలా అడుగుతానండీ? మీరూ ట్రే మీదే కూర్చునేవారు. యజమాని ట్రే మీదుంటే నేను కుర్చీలో కూర్చుంటే ఏం బాగుంటుంది?"

"ఒరే, నువ్వు ట్రే మీద కూర్చున్నావని నేను కుర్చీ వేసుకోలేదురా!"

పంతొమ్మిదేళ్లు ఒకళ్ల కోసం ఒకళ్లం నడుములు పోగొట్టుకున్నాం తల్లీ. ముందు వాడు నవ్వాడు. నేను నవ్వుదామనుకుని ఏడ్చాను. కంప్రెసర్ మోతలో ఎవరికీ వినబడలేదులే. ఆ తర్వాత కలకత్తా మిషను ఏదీ లేదని దైవాధీనం నెత్తి మీద చెయ్యి వేసి ఒట్టేశాను. తన నెత్తి ఎందుకని వాడు గొడవపడ్డాడు గానీ నమ్మాడు.

మూడు రోజుల్లో పద్నాలుగు మందీ వచ్చేశారు. మొదటి రోజే రెండు కుర్చీలు కొన్నాను. ఐసు గడ్డకడుతోంది. కట్టిన గదికి పైన రేకులు వేసి, తలుపు పెట్టాం, అందులోనే అందరూ కూర్చుని భోజనం చేస్తున్నారు. రామబ్రహ్మం తలుపు మీద "టీమ్ బిల్డింగ్" అని రంగుతో రాశాడు.

నీ సర్టిఫికెట్టు దీంతో పంపుతున్నాను. "ఈ అమ్మాయి వల్ల మా వాళ్లు పద్నాలుగు మందీ మానేశారు, ఈ అమ్మాయి వల్లే పద్నాలుగు మందీ తిరిగి వచ్చారు" అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను.

ప్రేమతో,
మావయ్య

తా.క. ఈసారి ఉత్తరం బండిలో కాకుండా బస్సులో పంపుతున్నాను. సర్టిఫికెట్టుకి ఇస్త్రీ చెయ్యకూడదని అత్తయ్య చెప్పింది.

*

నందివాడ,
సెప్టెంబరు 14.

మావయ్యగారికి, అత్తయ్యగారికి సాదియా నమస్కారాలు.

పైన ఊరి పేరు చూసి కంగారుపడకండి. అన్నీ వరసగా చెప్తాను.

వైవా బాగా జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు గ్రాఫు తిరగేసి, బోర్లించి చూసి, "అందరూ పోవడంలో నీ పాత్ర ఏమిటి, అందరూ రావడంలో నీ పాత్ర ఏమిటి?" అని అడిగారు. "పోవడం నా వల్ల, రావడం మా మావయ్యగారి వల్ల సార్" అన్నాను. పెద్ద మార్కులే వేశారు.

మర్నాడు కాలేజీలో ఉద్యోగాల ఇంటర్వ్యూలు. చూద్దును కదా, బల్లకి అవతల వెంకటపతి గారు! పద్నాలుగు మంది ఒక్కసారి ఎలా వచ్చారో, ఒక్కసారి ఎలా పోయారో అంతుపట్టక, ఎవరో చెప్తే నా రిపోర్టు తెప్పించుకుని మన ఉత్తరాలతో సహా రెండుసార్లు చదివారట. తిడతారేమోనని చున్నీ కొస నలుపుకుంటూ నిలబడ్డాను.

"కూర్చోమ్మా" అన్నారు. "మొదటి నాలుగు అధ్యాయాలు అద్భుతంగా ఉన్నాయి. ఆ ఐదోది, నివారణ, నాకు అక్కర్లేదు."

నాకు అర్థం కాలేదు. ఆయన తలుపు వేసి, గొంతు తగ్గించి చెప్పారు. ఆయన బావమరుదులు ఆరుగురు పన్నెండేళ్లుగా ఫ్యాక్టరీలో ఉన్నారట. ఏ పనీ చెయ్యరు. పొమ్మంటే ఇంట్లో వంట ఆగిపోతుంది. "ఎవర్నీ పొమ్మనకుండా, ఎవరి మీదా కోప్పడకుండా, నమస్కారం పెట్టి మరీ వెళ్లిపోయేలా చేశావు చూడు, అలాంటి మనిషి కోసమే నేను వెతుకుతున్నాను" అన్నారు. అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చారు. హెచ్.ఆర్. మేనేజరు.

నాన్న బందరంతా మిఠాయి పంచారు. ఏ పని మీద పెట్టుకున్నారో మాత్రం చెప్పలేదు.

మీ సాదియా

తా.క. చేరిన రోజే ఆరుగురికీ ప్రశ్నల కాగితాలు ఇచ్చాను. శుక్రవారానికి నలుగురు మానేశారు. మిగిలిన ఇద్దరూ, మంచి యజమాని దొరికితే తామూ మానేస్తామని రాసిచ్చారు. నాకు తెలిసిన మంచి యజమాని మీరొక్కరే కదా మావయ్యగారూ. రేపు తొమ్మిదింటి బస్సుకి ఆ ఇద్దరూ ముదినేపల్లిలో దిగుతారు. వాళ్లలో పెద్దాయనకి కోపం ఎక్కువ, రాగానే టిఫిను పెట్టించండి.